గుంత నిండిన తర్వాత: ఇంటి మురుగు పద్ధతులపై ఒక సమీక్ష

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో మురుగు పైపులైనుకు కలిసిన మరుగుదొడ్డి ఉన్నవి 32.7 శాతం. సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడినవి 38.2 శాతం. పల్లెల్లో పైపులైన్లు లేనట్టే. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, మరుగుదొడ్డి ఉన్న గ్రామీణ కుటుంబాల్లో దాదాపు సగం తమకు సెప్టిక్ ట్యాంకు ఉందనే చెప్పాయి. అంటే మన మలమూత్రాల్లో పెద్ద వాటా ఇంటి ఆవరణలోనే, ఒక మూత కిందే ఉంటోంది.

ఆ మూత కింద ఏముండాలన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. మేస్త్రి ఎంత పెద్ద ట్యాంకు కడితే అంత మంచిదంటాడు. స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలు రెండు గుంతలు తవ్వమంటాయి. ఇంజనీరింగ్ ప్రమాణాలు ట్యాంకు చిన్నదే చాలు, ఇంకుడు ఏర్పాటు మాత్రం కచ్చితంగా ఉండాలంటాయి. బయో డైజెస్టర్ అమ్మేవారు అసలు శుభ్రం చేసే పనే ఉండదంటారు. ఎవరి వాదనలోనూ పూర్తిగా అబద్ధం లేదు. చిక్కేమిటంటే వాదనంతా ట్యాంకు ఆకారం చుట్టూ తిరుగుతోంది. ఏ పద్ధతైనా బయటికి పంపేవి రెండు: రోజూ పోయే నీరు, కొన్నేళ్లకోసారి తీయాల్సిన మడ్డి. ఈ రెండూ చివరికి ఎక్కడికి చేరతాయన్న ప్రశ్నను పక్కనపెట్టి ఏ రకం గొప్పదో తేల్చడం కుదరదు. ఈ సమీక్ష ఆ రెంటినీ కొలతగా పెట్టుకుంటుంది.

ఎక్కడ మొదలైంది

మూసి ఉన్న తొట్టిలో మలం దానంతట అదే కరుగుతుందన్న సంగతి 1860 ప్రాంతంలో ఫ్రాన్సులోని వెసూల్ పట్టణంలో జాన్ లూయీ మూరా గమనించాడు. 1881లో దానికి పేటెంటు వచ్చింది. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ అదే సూత్రాన్ని మెరుగుపరచి సెప్టిక్ ట్యాంకు అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో చాలామంది ఇందులో అన్నీ కరిగిపోతాయని, మిగిలేదేమీ ఉండదని నమ్మారు. ఆ నమ్మకం నిలవలేదు. మడ్డి పేరుకుంటుందనీ, బయటికొచ్చే నీరు శుభ్రమైనది కాదనీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తేలింది. అయినా ఆ పాత నమ్మకం ఇప్పటికీ మన గృహప్రవేశాల దగ్గర వినిపిస్తూనే ఉంటుంది.

మన దేశంలో కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడి అసలు సమస్య పొడి మరుగుదొడ్లు, వాటిని చేతులతో ఎత్తిపోసే పని కొన్ని కులాల మీద మోపి ఉండటం. 1950ల్లో సింగూరు, పూనమల్లి, నజఫ్‌గఢ్ ఆరోగ్య కేంద్రాల్లోనూ, లక్నోలోని ప్రణాళికా పరిశోధన సంస్థలోనూ జరిగిన ప్రయోగాల నుంచి వాటర్ సీల్ ఉన్న పాన్, చెంబెడు నీళ్లతో కొట్టుకుపోయే పద్ధతి రూపుదిద్దుకున్నాయి. 1970లో బిహార్‌లో బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ రెండు గుంతల నమూనాను దేశమంతా తెలిసేలా చేసింది. యూరప్‌లో సెప్టిక్ ట్యాంకు పుట్టింది ఇంజనీరింగ్ అవసరం నుంచి, ఇక్కడ రెండు గుంతల మరుగుదొడ్డి ఎదిగింది సామాజిక అవసరం నుంచి. ఈ తేడా మరిచిపోతే ఇప్పటి వాదనలు సగమే అర్థమవుతాయి.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ ఐదేళ్లలో పల్లెల్లో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టించింది. కట్టడం మీద ఉన్నంత శ్రద్ధ కింద ఏముందన్న దాని మీద లేదు. 2022 అక్టోబరు 2న ఒంటి గుంతలను రెండు గుంతలుగా మార్చే ప్రచారాన్ని విడిగా మొదలుపెట్టాల్సి రావడమే దానికి సాక్ష్యం.

ట్యాంకు ఏం చేస్తుంది, ఏం చేయదు

సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకు నీరు కారని తొట్టి. మురుగు అందులో ఒకటి రెండు రోజులు నిలవాలి. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టెగా తేలుతుంది, మధ్యలోని నీరు టీ ఆకారపు పైపు ద్వారా బయటికి పోతుంది. మడ్డిని గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు కొంత కుళ్లబెడతాయి. అంతవరకే. బయటికి వచ్చే నీటిలో రోగకారక క్రిములు దాదాపు అలాగే ఉంటాయి, సేంద్రియ మలినం సగం కూడా తగ్గకపోవచ్చు. అసలు శుద్ధి జరగాల్సింది ఆ తర్వాత, ఇంకుడు గుంత చుట్టూ ఉన్న మట్టిలో.

భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ఐదుగురు ఉన్న ఇంటికి చెప్పే కొలత చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు: పొడవు మీటరున్నర, వెడల్పు ముప్పావు మీటరు, నీటి లోతు ఒక మీటరు. రెండేళ్లకోసారి మడ్డి తీయాలన్నది షరతు. మన ఇళ్ల కింద కడుతున్నవి దీనికి ఎన్నో రెట్లు పెద్దవి. కారణం ఆ రెండేళ్ల షరతే. తీయించే పని తమ జన్మలో రాకూడదని యజమాని కోరిక, అది తీర్చేలా కట్టడం మేస్త్రి నేర్పు. అడుగున కాంక్రీటు వేయకుండా వదిలేస్తే ట్యాంకు ఇంకా ఆలస్యంగా నిండుతుంది. ఇరవై ఏళ్లుగా తీయించలేదని గొప్పగా చెప్పుకునే ట్యాంకు నిజానికి నేలలోకి కారుతూ ఉండాలి, లేదా మడ్డిని నీటితోపాటు వీధి కాలువలోకి నెడుతూ ఉండాలి.

అందుకే సర్వేల్లో కనిపించే సెప్టిక్ ట్యాంకుల అంకెలను ఉన్నదున్నట్టు తీసుకోలేం. ఇంటివారు చెప్పిన మాటే అక్కడ నమోదవుతుంది. సిమెంటు వరలు దింపిన ఒంటి గుంత, అడుగు లేని ఇటుక గది, గోడలు గట్టిగా ఉండి బయటి పైపు మాత్రం సైడు కాలువలో కలిసే ట్యాంకు, అన్నీ ఒకే గడిలో చేరతాయి.

బజారులో దొరికే బాక్టీరియా పొడుల సంగతి ఒక్క ముక్కలో తేల్చవచ్చు. ట్యాంకుకు కావలసిన సూక్ష్మజీవులు మలంలోనే పుష్కలంగా ఉంటాయి. పొడి వేసినంత మాత్రాన మడ్డి తీయించే అవసరం తప్పదు.

రెండు గుంతలు

రెండు గుంతల పద్ధతిలో ట్యాంకే ఉండదు. పాన్ నుంచి వచ్చే పైపు ఒక చిన్న చాంబర్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక దారి మూసి ఒక గుంతనే వాడతారు. గుంత గోడలో ఇటుకల మధ్య వదిలిన కంతల గుండా నీరు, వాయువులు మట్టిలోకి పోతాయి. మూడేళ్లకు అది నిండితే దారి మార్చి రెండోదాన్ని వాడతారు. మొదటిది ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా వదిలేస్తే లోపలిది వాసన లేని ఎరువుగా మారుతుంది.

2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అలాంటి గుంతలోకి స్వయంగా దిగి ఎరువు పైకి తీశారు. ఉన్నతాధికారి అంతటివాడు ఆ పని చేయడం దేశమంతా వార్త అయింది. వార్త కావడంలోనే చిక్కు కూడా ఉంది. అది మామూలు పనే అయితే ఎవరూ ఫొటో తీసేవారు కాదు. డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో వెలువరించిన పుస్తకం ‘వేర్ ఇండియా గోస్’ ఈ చిక్కునే లోతుగా చర్చించింది. ఉత్తర భారత పల్లెల్లో వారు చూసింది ఇది: గుంత నిండుతుందన్న భయం, నిండితే తీసేదెవరన్న ప్రశ్న, దాని వెనక మైల పట్టింపు. అందుకే జనం చిన్న గుంతను నమ్మరు, పెద్దది కట్టలేకపోతే కట్టడమే మానేస్తారు. వారి లెక్కలు దక్షిణాదికి అలాగే వర్తిస్తాయని చెప్పలేం. పెద్ద ట్యాంకు మీద మోజు మాత్రం ఇక్కడా తక్కువేం కాదు.

ఇంజనీరింగ్ పరంగా చూస్తే రెండు గుంతలది చవకైన, తెలివైన పద్ధతి. కానీ అది చెంబెడు నీళ్ల లెక్క మీద రూపొందింది. ఫ్లష్ ట్యాంకు, షవరు, వాషింగ్ మెషిన్ నీళ్లన్నీ అందులోకి వదిలితే మట్టి తాగలేదు. ఎండాల్సిన రెండో గుంతలోకి కూడా నీరు ఊరుతుంది. అప్పుడు మిగిలేది రెండు తడి గుంతలు.

నేల చెప్పే మాట

ఇంటి మురుగు విషయంలో చర్చ ఎప్పుడూ సిమెంటు గురించే జరుగుతుంది. మట్టి గురించి జరగాలి. ఐఎస్ 2470 రెండో భాగం ఒక తేలికైన పరీక్ష చెబుతుంది. చిన్న గుంత తవ్వి, నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు నీటి మట్టం 25 మిల్లీమీటర్లు తగ్గడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. అరగంటలోపు ఇంకితే ఇంకుడు గుంత చాలు. అరగంట నుంచి గంట పడితే నీటిని పొడవాటి కందకాల్లో పరిచి ఇంకించాలి. గంట దాటితే ఆ నేల మీద ఆశ వదులుకుని వడపోత ఏర్పాటు వేరే చేసుకోవాలి. అమెరికాలో ఐదిళ్లలో ఒకటి ఇప్పటికీ సెప్టిక్ పద్ధతి మీదే ఉంది. శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారికి ఈ ఇంకుడు పరీక్ష, పెరట్లో చెట్లు నాటకూడని డ్రెయిన్ ఫీల్డు, మూడు నుంచి ఐదేళ్లకోసారి పంపింగ్ బాగా తెలిసిన విషయాలు. ఇక్కడ ఇల్లు కట్టేటప్పుడు బోరు ఎక్కడ పడుతుందో చూపించుకుంటాం, వాస్తు చూపించుకుంటాం. మట్టి ఎన్ని నిమిషాల్లో నీరు తాగుతుందో చూపించుకునే అలవాటు లేదు.

తెలుగు నేలల్లో ఒక్క నమూనా అన్ని చోట్లా పనికిరాకపోవడానికి కారణం ఇదే. నల్లరేగడి వానకు ఉబ్బి నీటిని లోపలికి రానివ్వదు, ఎండకు నెరెలు విచ్చి వడకట్టకుండానే కిందికి వదిలేస్తుంది. రెండు కాలాల్లోనూ అది నమ్మదగిన నేల కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒండ్రు మట్టి ఉన్నా, వానాకాలంలో భూగర్భ జలం గునపానికి తగిలేంత పైన ఉంటుంది. గుంత అడుగుకూ నీటి మట్టానికీ మధ్య రెండు మీటర్లు ఉండాలన్న నియమం కోనసీమలో కాగితం మీదే సాధ్యం. అక్కడ గుంతను నేలమట్టానికి పైకి లేపి కట్టడం, అడుగు మూసి చుట్టూ అర మీటరు మందాన ఇసుక నింపడం వంటి మార్పులు ప్రమాణాల్లో ఉన్నాయి. ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఎవరూ అడగరు.

తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గట్టి రాతి నేల. పైన కొద్ది మీటర్ల ఎర్ర మట్టి, మొరం, దాని కింద పగుళ్లున్న గ్రానైటు. మట్టి పొర తగినంత మందంగా ఉంటే క్రిములను బాగానే పట్టి ఉంచుతుంది. పగులు దొరికితే మాత్రం మురుగు నీరు వడపోత లేకుండా నేరుగా పోతుంది. అదే పగుళ్ల నుంచి నీరు తోడేది బోరుబావి. ఇక నైట్రేటును ఏ మట్టీ సరిగా ఆపలేదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం.

ఎంత దూరం సురక్షితం? రెండు గుంతల నియమాలు తాగునీటి వనరుకు 10 మీటర్లు అంటాయి, మట్టి రేణువులు సన్నవైతే, నీటి మట్టం లోతుగా ఉంటే 3 మీటర్లు చాలంటాయి. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు ఏర్పాటుకు ఐఎస్ 2470 చెప్పేది 18 మీటర్లు. 2013లో గ్రాహం, పొలిజొట్టో అనే పరిశోధకులు వివిధ దేశాల్లో జరిగిన 24 అధ్యయనాలను సమీక్షించి, క్షేత్రంలో తేలిన దూరాలకూ మార్గదర్శకాల్లోని దూరాలకూ పొంతన లేదని తేల్చారు. వంద గజాల స్థలంలో ఈ చర్చంతా నిరుపయోగం. అక్కడ మన ట్యాంకుకూ పక్కింటి బోరుకూ మధ్య ఉండేది ఒక ప్రహరీ గోడ.

మూడు వర్గాలు

ఈ నేపథ్యంలో వాదించేవారిని స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు.

మొదటి వర్గానికి ట్యాంకులన్నీ తాత్కాలికం. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వచ్చేదాకా గడుపుకునే ఏర్పాటు. నగరం కిక్కిరిసిన చోట వీరి మాట కాదనలేం. కానీ పైపులైనుకు వాలు కావాలి, నీరు కావాలి, పంపింగుకు కరెంటు కావాలి, చివర శుద్ధి కేంద్రం కావాలి. శుద్ధి కేంద్రం లేని పైపులైను వేల ఇళ్ల మురుగును ఒకే చోట చెరువులో పోసే సాధనం మాత్రమే. హైదరాబాద్‌లో మూసీని చూసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో వర్గం ఎక్కడి మలం అక్కడే ఎరువు కావాలంటుంది. రెండు గుంతలవారు, మూత్రాన్ని వేరుచేసే ఎకోసాన్‌వారు, వానపాములతో కుళ్లబెట్టే టైగర్ టాయిలెట్‌వారు ఇందులోకే వస్తారు. తమిళనాడులోని ముసిరిలో ఎకోసాన్ నిలదొక్కుకుంది. మన దగ్గర కడుక్కునే అలవాటు వల్ల నీటిని విడిగా మళ్లించాల్సి రావడం దానికి పెద్ద అడ్డంకి. స్థలం ఉన్న పల్లెకు ఈ వర్గమే సరైన సలహాదారు.

మూడో వర్గం వయసులో చిన్నది, పలుకుబడిలో పెరుగుతోంది. ట్యాంకులు ఎలాగూ పోవు కాబట్టి, వాటి మడ్డిని బండ్లతో తీసి శుద్ధి చేద్దామంటుంది. 2015లో కర్ణాటకలోని దేవనహళ్లిలో ఎండబెట్టే మళ్లతో పట్టణ స్థాయి కేంద్రం మొదలైంది. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ, హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తోడ్పాటుతో, మడ్డి నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. తర్వాత రోజుకు 15 వేల లీటర్ల మడ్డిని వేడితో శుద్ధి చేసే కేంద్రం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో నర్సాపురంలోనూ అలాంటిదే వచ్చింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ విధానం వెలువడింది.

ఈ వర్గం బలహీనత కేంద్రాల్లో లేదు, బండ్ల దారిలో ఉంది. ట్యాంకు నిండి వెనక్కి తన్నితే తప్ప యజమాని ఫోన్ చేయడు. బండివాడికి దూరాన ఉన్న కేంద్రం కంటే ఊరి చివర వాగు దగ్గర. మహారాష్ట్రలోని వాయి, సిన్నర్ పట్టణాలు 2018 నుంచి వంతుల వారీగా, యజమాని అడిగినా అడగకపోయినా, ట్యాంకులు తీసే పద్ధతి పెట్టాయి. ఖర్చు పన్నులో కలుస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ఆవిష్కరణ ఇదే. ఇందులో కొత్త యంత్రమేదీ లేకపోవడం వల్ల దీనికి తగినంత ప్రచారం రాలేదు.

బయో డైజెస్టర్‌ను వీటిలో ఏ వర్గంలోనూ పెట్టలేం. రక్షణ పరిశోధన సంస్థ మంచు ప్రాంతాల సైనికుల కోసం రూపొందించిన సూక్ష్మజీవుల మిశ్రమం రైలు బోగీల మీదుగా ఇళ్లకు చేరింది. రైల్వే బయో టాయిలెట్లు తరచూ మూసుకుపోతున్నాయని 2017లో కాగ్ ఎత్తిచూపింది. అదే కాలంలో ఐఐటీ మద్రాస్ పరీక్షలు వాటి నుంచి వచ్చే నీటి నాణ్యత మీద సందేహాలు లేవనెత్తాయి. ఇంట్లో పెట్టుకున్నా అది గదులున్న సెప్టిక్ ట్యాంకే. దాని నీటికీ ఇంకే చోటు కావాలి.

దిగేది ఎవరు

మడ్డిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు దాని వాసనే పట్టలేదు. మూత తెరిచి దిగిన మనిషి క్షణాల్లో పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం మనుషులను ఇలా దింపడాన్నీ నిషేధించింది. సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమ సంస్థ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించమంది. 2023 అక్టోబరులో ఇంకో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ గనుల ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆ ఉద్యమానికి తొలినాళ్ల నుంచీ అండగా నిలిచారు.

పెద్ద ట్యాంకు మోజుకూ ఈ మరణాలకూ నేరుగా సంబంధం ఉంది. పదేళ్లు, పదిహేనేళ్లు కదపని మడ్డి అడుగున గట్టిపడుతుంది. బండి పైపు పీల్చలేదు. అప్పుడే ఎవరినో ఒకరిని పారతో దింపుతారు. రెండు మూడేళ్లకోసారి తీస్తే యంత్రమే సరిపోతుంది.

పక్కపక్కన పెడితే

స్థలం, లోతైన నీటి మట్టం, తక్కువ నీటి వాడకం ఉన్న ఇంటికి రెండు గుంతలు చవక, మడ్డి సమస్య కూడా అక్కడికక్కడే తీరుతుంది. స్థలం ఉండి నీటి వాడకం ఎక్కువైతే చిన్న సెప్టిక్ ట్యాంకు, దానికి తగ్గ ఇంకుడు కందకం మేలు, మడ్డికి బండి కావాలి. డెల్టాలో లేపి కట్టిన గుంత గానీ, పూర్తిగా మూసిన ట్యాంకూ పై వడపోతా గానీ తప్ప వేరే దారి లేదు. ఇరుకు పట్టణంలో ఇంటి స్థాయిలో మంచి పరిష్కారమే లేదు. వీధి స్థాయిలో పైపు, లేదా వంతుల వారీ బండి కావాలి. వరలు దింపిన ఒంటి గుంత ఎక్కడా సిఫారసుకు నోచుకోదు. అత్యధికులు కట్టుకుంటున్నవాటిలో అదీ ఒకటి.

తేలనివి

స్నానం, వంటింటి నీళ్లను మలంతో కలపాలా, వేరుచేయాలా అన్నది మొదటిది. వేరుచేస్తే గుంత ఎక్కువకాలం వస్తుంది, కానీ ఆ నీరు వీధిలో నిలుస్తుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీరు లక్ష్యంగా పెట్టుకుంది. చెంబెడు నీళ్ల కాలం నాటి గుంతలకు ఈ నీటితో ఏమవుతుందో రాబోయే పదేళ్లలో తెలుస్తుంది.

రాతి పగుళ్లలో వైరస్‌ల ప్రయాణం రెండోది. మనకున్న దూరపు నియమాలు ఎక్కువగా ఇసుక, ఒండ్రు నేలల పరిశీలన మీద నిలబడ్డవి. దక్కను రాతికి విడిగా నియమం రాయాలా, లేక ఇంటింటికీ బోరుండే ఊళ్లలో ఇంకుడు ఏర్పాటునే ఒప్పుకోకూడదా అన్న దాని మీద భూగర్భ శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు ఒక మాట మీద లేరు.

మూడోది, డ్రైనేజీ లైను వచ్చాక పాత ట్యాంకు సంగతి. ఒక వాదన ప్రకారం ట్యాంకును ఖాళీ చేసి, పూడ్చి, మరుగుదొడ్డిని నేరుగా లైనుకు కలపాలి. మరో వాదన ట్యాంకును ఉంచి, మడ్డి లేని నీటిని సన్నపైపుల్లో తీసుకెళ్లమంటుంది. వాలు తక్కువైనా పనిచేసే ఆ పద్ధతి డెల్టా పట్టణాలకు అతుకుతుంది. కానీ అందులోనూ మడ్డి తీసే బాధ్యత ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఆచరణలో ఎక్కువగా జరుగుతున్నది ఈ రెండూ కావు. ట్యాంకు బయటి పైపును తెచ్చి లైనులో కలిపేస్తున్నారు, అడుగు లేని ట్యాంకు అలాగే కారుతోంది. కనెక్షన్ల లెక్కలో మాత్రం ఆ ఇల్లు చేరిపోతుంది.